అసెస్‌మెంట్ ప్రొఫెసర్ పోస్టు రెండుసార్లు ప్రకటించినా నిండలేదు: ఎక్కడ వెతకాలి, ఇంటర్వ్యూలో ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో మీరు స్కూల్ ఆఫ్ ఎడ్యుకేషన్ డీన్. విద్యా మూల్యాంకన పరిశోధన కోసం ఒక సీనియర్ ప్రొఫెసర్‌ను తీసుకోమని వీసీ గారు చెప్పారు. మొదటి నోటిఫికేషన్‌కి వచ్చిన దరఖాస్తుల్లో ఒక్కటీ స్క్రూటినీ దాటలేదు. రెండోసారి ముగ్గురు ఇంటర్వ్యూకి వచ్చినా కమిటీ ‘తగినవారు లేరు’ అని రాసి లేచిపోయింది. ఇప్పుడు ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారు వస్తానంటున్నారు. ఆయన్ని తీసుకోవాలా, మూడోసారి ప్రకటన ఇవ్వాలా?

మూడోసారి ఇవ్వండి, కానీ అదే ప్రకటన మళ్లీ ఇవ్వకండి. మనుషులు లేక కాదు, మీ ప్రకటనలోని అర్హత వాక్యమే వాళ్లను గేటు దగ్గర ఆపేస్తోంది. మీరు పెట్టిన ప్రకటనలో పదవి పేరు ‘సీనియర్ ప్రొఫెసర్’, అర్హత ‘ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ’ అని ఉంది. ఈ రెండూ మార్చండి. ప్రకటన పేపర్లో పడకముందే మనుషుల్ని వెతకడం మొదలుపెట్టండి. ఇంటర్వ్యూలో బయోడేటా పక్కన పెట్టి పరీక్ష డేటా ముందు పెట్టండి. మిగతాదంతా దీనికి వివరణే.

నా సంగతి ఒక్క మాటలో: ఎడ్యుకేషన్ విభాగంలోనే చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, పరీక్షల డేటా మీదే పనిచేశాను, సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా మీలాంటి సెలక్షన్ కమిటీల్లో కూర్చున్నాను.

ముందు ‘సీనియర్’ అన్న మాట సంగతి. మీ వీసీ గారి ఉద్దేశం ‘బాగా అనుభవం ఉన్న మనిషి’ అనే అయ్యుంటుంది. కానీ యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 జులై నిబంధనల్లో సీనియర్ ప్రొఫెసర్ అనేది విడి పదవి. దానికి ప్రొఫెసర్‌గానే 10 ఏళ్లు పనిచేసి ఉండాలి, గత 10 ఏళ్లలో కనీసం ఇద్దరికి పీహెచ్‌డీ వచ్చేలా గైడ్ చేసి ఉండాలి, 10 ఉత్తమ ప్రచురణలు చూపాలి, ముగ్గురు పేరున్న నిపుణుల అనుకూల సమీక్ష కావాలి. పైగా యూనివర్సిటీలో మంజూరైన ప్రొఫెసర్ పోస్టుల్లో 10 శాతానికి మించి ఈ పదవులు ఉండకూడదు. మన దేశంలో అసెస్‌మెంట్‌లో నిజంగా పనిచేసిన వాళ్లే కొద్దిమంది. అందులో పదేళ్లుగా ప్రొఫెసర్ హోదాలో ఉన్నవాళ్లు ఎందరుంటారు? ఉన్నా, వాళ్లు ఉన్నచోటు వదిలి రారు. అందుకని మామూలు ప్రొఫెసర్ పోస్టుగానే ప్రకటించండి. అంటే అకడమిక్ లెవెల్ 14, మొదటి మూలవేతనం నెలకు 1,44,200 రూపాయలు. మీది ప్రైవేట్ కాబట్టి ఆపైన మీ ఇష్టం, ఇచ్చేది మాత్రం ప్రకటనలోనే రాయండి. ‘జీతం ఇంటర్వ్యూలో మాట్లాడదాం’ అంటే బయట సంస్థల్లో పనిచేసేవాళ్లు దరఖాస్తు కూడా పెట్టరు.

ఇక పీహెచ్‌డీ సంగతి. అసలు తలనొప్పి ఇక్కడే ఉంది.

ప్రొఫెసర్ పోస్టుకు యూజీసీ అడిగేది సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టులో పీహెచ్‌డీ. ‘ఎడ్యుకేషన్‌లోనే’ అని దాన్ని బిగించింది మీ ఆఫీసు. అసెస్‌మెంట్ పరిశోధన చేసేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారో చూడండి. సైకాలజీలో సైకోమెట్రిక్స్ (సామర్థ్యాలను పరీక్షలతో కొలిచే శాస్త్రం) చేసినవాళ్లు, స్టాటిస్టిక్స్ వాళ్లు, భాషా పరీక్షల మీద పనిచేసినవాళ్లు, ఎకనామిక్స్‌లో పిల్లల అభ్యసన స్థాయి కొలిచినవాళ్లు. ఎడ్యుకేషన్ పీహెచ్‌డీలలో కూడా మంచివాళ్లు ఉన్నారు, కాదనను. కానీ మన రెండు రాష్ట్రాల్లో ‘మూల్యాంకనం’ అని పేరున్న థీసిస్‌లు పది తిరగేస్తే చాలావాటిలో ఉండేది ఏమిటి? ఫలానా జిల్లాలో బి.ఎడ్. విద్యార్థుల వైఖరి, మూడు వందల శాంపిల్, ఆడ-మగ, గ్రామీణ-పట్టణ అని విడగొట్టి టి-టెస్ట్ (రెండు గుంపుల సగటులను పోల్చే లెక్క). అది వైఖరి సర్వే. దానికి అసెస్‌మెంట్ పరిశోధన అని పేరు పెట్టి పోస్టిస్తే మీ వీసీ గారు కోరుకున్న పని జరగదు.

నేను కూర్చున్న ఒక కమిటీలో స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీ ఉన్న ఒకావిడ దరఖాస్తు స్క్రూటినీలోనే పోయింది. ప్రశ్నల స్థాయిలో విశ్లేషణ, వేర్వేరు ఏళ్ల పరీక్షలను ఒకే కొలబద్ద మీదికి తేవడం, ఇదే ఆవిడ పదేళ్ల పని. ‘పీహెచ్‌డీ ఎడ్యుకేషన్: లేదు’ అని గళ్లలో టిక్కు పెట్టేశారు. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లలో ఒకరికీ ఐటమ్ రెస్పాన్స్ థియరీ (ఒక్కో ప్రశ్న కష్టాన్నీ, పిల్లవాడి సామర్థ్యాన్నీ ఒకే కొలబద్ద మీద లెక్కగట్టే పద్ధతి) అంటే తెలియదు. కమిటీకి దరఖాస్తులన్నీ చూపించే ఆనవాయితీ లేకపోవడంతో ఆ కాగితం సంగతి మాకు టీ తాగేటప్పుడు తెలిసింది.

కాబట్టి అర్హత వాక్యం ఇలా రాయండి: ‘ఎడ్యుకేషన్, సైకాలజీ, స్టాటిస్టిక్స్, అప్లయిడ్ లింగ్విస్టిక్స్, ఎకనామిక్స్ లేదా అనుబంధ విషయంలో పీహెచ్‌డీ, పరీక్షల నిర్మాణం, కొలత లేదా పెద్దస్థాయి అభ్యసన సర్వేల మీద ప్రచురిత పరిశోధన’. యూజీసీ నిబంధనల్లోనే ప్రొఫెసర్‌కి రెండో దారి కూడా ఉంది. యూనివర్సిటీ వ్యవస్థ బయట పనిచేసిన పీహెచ్‌డీ నిపుణుడికి పదేళ్ల అనుభవం, ఆ రంగానికి చేసిన గణనీయమైన కృషికి రుజువులు ఉంటే తీసుకోవచ్చు. ఆ క్లాజును ప్రకటనలో పూర్తిగా అచ్చు వేయండి. ‘యూజీసీ నిబంధనల ప్రకారం’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే బయటివాళ్లు తమకు కాదనుకుంటారు.

ఒక జాగ్రత్త. మీ స్కూల్‌లో ఎం.ఎడ్. నడుస్తుంటే ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనలు అడ్డొస్తాయి. ఎం.ఎడ్. ప్రొఫెసర్‌కి సబ్జెక్టు పీజీతో పాటు ఎడ్యుకేషన్‌లో కూడా పీజీ కావాలి. స్టాటిస్టిక్స్ మనిషిని తెచ్చి ఎం.ఎడ్. లెక్కలో చూపిస్తే తనిఖీలో పట్టుకుంటారు. దీనికి మందు తేలికే. ఈ పోస్టును ఎం.ఎడ్. సిబ్బంది లెక్కలో కలపకండి. పీహెచ్‌డీ ప్రోగ్రామ్ కింద లేదా విడి అసెస్‌మెంట్ కేంద్రం కింద మంజూరు చేయించండి. ప్రకటన ఇచ్చాక ఈ మార్పు చేస్తే ఎవరో ఒకరు కోర్టుకెళ్తారు, అందుకే ముందే చేయించాలి. సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు ఇంకో మెలిక ఉంది: 2019 చట్టం ప్రకారం రిజర్వేషన్ రోస్టర్‌కి (పోస్టులను వర్గాలవారీగా కేటాయించే వరుసకు) యూనివర్సిటీ మొత్తం ఒకే యూనిట్. పోస్టు ఏ కేటగిరీలో పడుతుందో ముందు చూసుకున్నాకే స్పెషలైజేషన్ ఎంత ఇరుకుగా పెట్టాలో తేల్చుకోవాలి.

మీ మొదటి ప్రకటనకు ఎవరూ స్క్రూటినీ దాటలేదన్నారు. ఆ సీనియర్ హోదా, పీహెచ్‌డీ వాక్యం సరిచేసి మామూలు ప్రొఫెసర్‌గా ప్రకటించినా రీసెర్చ్ స్కోరు (ప్రచురణలు, ప్రాజెక్టులు, పీహెచ్‌డీ గైడెన్స్ లాంటివాటికి వేసే యూజీసీ పాయింట్లు) అడ్డొస్తుంది. ప్రొఫెసర్‌కి 10 ప్రచురణలు, మొత్తం 120 స్కోరు కావాలి. ఈ రంగంలో ఈ లెక్క ఎలా తిరగబడుతుందో చూడండి. ఎడ్యుకేషన్ కింద ఒక పేపర్‌కి 10 పాయింట్లు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (అందులోని పేపర్లను ఇతరులు సగటున ఎంత ఉటంకిస్తారో చెప్పే అంకె) 1కీ 2కీ మధ్య ఉంటే మరో 15 కలుస్తాయి, మొత్తం 25. ఇద్దరు రాస్తే చెరి 70 శాతం. ముగ్గురు, ఆపైన రాస్తే మొదటి లేదా కరెస్పాండింగ్ రచయితకి 70 శాతం, మిగతావాళ్లకి తలా 30 శాతం. పెద్ద సర్వేల పేపర్లు నలుగురైదుగురు కలిసి రాస్తారు. మూడో పేరుగా ఉన్న మనిషికి ఆ పేపర్ మీద వచ్చేది 7.5. అలాంటివి పది రాసినా 75. అదే ఒంటరిగా, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని రిఫరీడ్ (నిపుణులు సమీక్షించే) జర్నల్‌లో వైఖరి సర్వే ఒకటి రాస్తే 15 పాయింట్లు. పది రాస్తే 150, పాసు! అయితే స్కోరు కనీసం మూడు కేటగిరీల నుంచి రావాలన్న షరతు ఉంది గనుక పక్కన ఒక పుస్తకం, నాలుగు ఉపన్యాసాలు చూపిస్తారు.

ఈ లెక్కను మీరు మార్చలేరు. కానీ అభ్యర్థికి రావలసిన పాయింట్లు జారిపోకుండా చూడొచ్చు. ప్రభుత్వానికి ఇచ్చిన విధాన పత్రాలకు అంతర్జాతీయ స్థాయిలో 10, జాతీయ స్థాయిలో 7, రాష్ట్ర స్థాయిలో 4 ఉన్నాయి. అసెస్‌మెంట్ వాళ్ల అసలు పని టెక్నికల్ రిపోర్టుల్లో ఉంటుంది. అవి విధాన పత్రాలుగా ఎక్కడ లెక్కకొస్తాయో దరఖాస్తు ఫారంలోనే అడగండి. (ఉపన్యాసాలూ విధాన పత్రాలూ కలిపి మొత్తం స్కోరులో 30 శాతం మించకూడదు, గుర్తుంచుకోండి.) పది లక్షలు దాటిన పూర్తయిన ప్రాజెక్టుకు 10, గైడ్ చేసి డిగ్రీ వచ్చిన ఒక్కో పీహెచ్‌డీకి 10. బయటివాళ్లకు ఈ గళ్లు నింపడం అలవాటుండదు. మీ ఆఫీసులో తెలిసిన ఒకరి ఫోన్ నంబర్ ప్రకటనలో ఇస్తే సగం పని అయిపోతుంది. ఇంకొకటి, ఈ స్కోరు షార్ట్‌లిస్ట్ వరకే. ప్రొఫెసర్ ఎంపిక ఇంటర్వ్యూ మీదే. స్కోరు 300 ఉన్నవాళ్లు వచ్చి కూర్చోగానే కమిటీ మెత్తబడుతుంది, అక్కడ మీరు గట్టిగా ఉండాలి.

మనుషులు ఎక్కడున్నారు? ప్రకటన చూసి వచ్చేవాళ్లు వేరు, మీకు కావలసినవాళ్లు వేరు. మన ఊళ్లోనే ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీలో) భాషా పరీక్షల మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది. మైసూరులో కేంద్రీయ భారతీయ భాషా సంస్థ కింద నేషనల్ టెస్టింగ్ సర్వీస్ ఉంది, అక్కడే ఎన్‌సీఈఆర్‌టీ వారి ప్రాంతీయ విద్యా సంస్థ కూడా ఉంది. ఎన్‌సీఈఆర్‌టీలో పరఖ్ అనే జాతీయ మూల్యాంకన కేంద్రం వచ్చాక బోర్డుల సమానత్వం, రాష్ట్రాల సర్వేలు అంటూ ఈ పనికి గిరాకీ పెరిగింది. 2024 డిసెంబర్ 4న 3, 6, 9 తరగతులకు జరిగిన రాష్ట్రీయ సర్వేక్షణ్ వాళ్లదే. ఎడ్యుకేషనల్ ఇనిషియేటివ్స్, ఏసర్ (ACER) ఇండియా లాంటి అసెస్‌మెంట్ సంస్థల్లో పీహెచ్‌డీ ఉండి ఊరూరా తిరిగి విసిగిపోయి, యూనివర్సిటీకి రావాలని చూసేవాళ్లు ఉంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలై, పిల్లల జీవితాలను ఏళ్ల తరబడి గమనించిన యంగ్ లైవ్స్ అధ్యయనం డేటా మీద పేపర్లు రాసినవాళ్ల జాబితా తీయండి. మన పిల్లల డేటా మీద ఇప్పటికే చెయ్యి తిరిగినవాళ్లు అందులో దొరుకుతారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల గురించి చాలామంది అడుగుతారు. అయోవా, మసాచుసెట్స్ ఆమ్‌హర్‌స్ట్ లాంటి చోట్ల కొలతశాస్త్రంలోనే పీహెచ్‌డీ ఉంది. అక్కడ చదివి పెద్ద టెస్టింగ్ కంపెనీల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లను పూర్తిస్థాయి పోస్టుకు పిలిచి టైమ్ పోగొట్టుకోకండి. ఏడాదికి ఒక నెల వచ్చే విజిటింగ్ హోదా ఇవ్వండి, వస్తారు. పీహెచ్‌డీ లేని గట్టి నిపుణుడు దొరికితే యూజీసీ 2022లో తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ ఉంది. కనీసం 15 ఏళ్ల అనుభవం చాలు, పీహెచ్‌డీ అక్కర్లేదు. అది పరిమిత కాలానికే, మామూలుగా మూడేళ్లు మించదు.

ఇప్పుడు ఇంటర్వ్యూ. మీ ప్రశ్నలో దీనికే ఎక్కువ బరువు ఉంది, నాకూ ఇదే ఇష్టమైన భాగం.

‘ఫార్మేటివ్, సమ్మేటివ్ తేడా ఏమిటి’, ‘జాతీయ విద్యావిధానం 2020 మూల్యాంకనం గురించి ఏం చెప్పింది’ లాంటివి అడగకండి. అవి గైడు పుస్తకం చదివి ఎవరైనా చెప్తారు. ఒక కాగితం ముందు పెట్టండి. నేను వాడే కాగితంలో నలభై ప్రశ్నల పరీక్షకి ఐటమ్ ఎనాలిసిస్ (ఒక్కో ప్రశ్న ఎలా పనిచేసిందో చెప్పే లెక్క) ఉంటుంది. అందులో 17వ ప్రశ్నకు 31 శాతం మంది సరైన జవాబు రాశారు, విచక్షణ సూచిక (బాగా చదివేవాళ్లనీ వెనకబడ్డవాళ్లనీ ఆ ప్రశ్న ఎంత విడదీస్తుందో చెప్పే అంకె) మైనస్ 0.12. అంటే మొత్తంగా బాగా రాసిన పిల్లలే ఈ ప్రశ్న ఎక్కువగా తప్పారు. ‘ఏం చేస్తారు?’ అని అడిగి ఊరుకుంటాను. పుస్తకం మనిషి ‘ప్రశ్న తీసేస్తాను’ అంటాడు. ఇంకొందరు విచక్షణ సూచిక నిర్వచనం అందుకుంటారు. పని చేసినవాళ్లు మాత్రం ముందు అడిగేది, ‘జవాబుల కీ సరిచూశారా?’ అని. తర్వాత ఏ ఆప్షన్‌కి ఎంతమంది వెళ్లారో చూపించమంటారు. ఒకసారి ఒకాయన కాగితం తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని, మేం అడగని 23వ ప్రశ్న దగ్గర ఆగారు. ‘ఇది 22లోని జవాబు మీద ఆధారపడింది, రెండింటికీ కలిపి ఒకే మార్కు వేసినట్టు చూడాలి’ అన్నారు. ఆ తర్వాత మేం అడగడానికి ఏమీ మిగల్లేదు.

రెండో ప్రశ్న నార్మలైజేషన్ (వేర్వేరు షిఫ్టుల మార్కులను పోల్చదగేలా సరిచేయడం) మీద. మన రెండు రాష్ట్రాల ఎప్‌సెట్‌ల పుణ్యమా అని తల్లిదండ్రులందరికీ ఈ మాట తెలుసు, జేఈఈ మెయిన్ 2019 నుంచి పర్సెంటైల్ ఇస్తోంది. ‘ఉదయం షిఫ్టు పేపర్ తేలిక, మధ్యాహ్నం కష్టం, ఎలా సరిచేస్తారు, ఎక్కడ దెబ్బతింటారు?’ అని అడగండి. పర్సెంటైల్ పద్ధతి వెనక ఒక నమ్మకం ఉంది: రెండు షిఫ్టుల పిల్లల్లోనూ సామర్థ్యం ఒకే తీరుగా పరుచుకుని ఉందని. ‘షిఫ్టులు ఎలా కేటాయించారు, యాదృచ్ఛికంగానా, జిల్లాల వారీగానా? రెండు పేపర్లలో ఉమ్మడి ప్రశ్నలు ఉన్నాయా?’ అని తిరిగి అడిగిన అభ్యర్థి దగ్గర సరుకుంది. ఫార్ములా చకచకా బోర్డు మీద రాసి ఆగిపోయినవాళ్లకి అంత మార్కులివ్వకండి.

మూడోది వ్యాలిడిటీ, అంటే ఒక పరీక్ష ఫలితాన్ని దేనికి వాడటం సబబన్నది. 2021 నవంబర్ 12 నాటి జాతీయ సాధన సర్వేలో సుమారు 34 లక్షల మంది పిల్లలు రాశారు. ‘దీన్నిబట్టి మా మండలంలో బడులకు ర్యాంకులివ్వండి అని కలెక్టర్ గారు అడిగితే ఏమంటారు?’ ఆ సర్వే జిల్లా స్థాయిలో ఫలితం చెప్పడానికి శాంపిల్ తీసుకున్నది. బడికి ర్యాంకు ఇవ్వడానికి కాదు. ఈ మాట కలెక్టర్‌కి అర్థమయ్యేలా, కోపం రాకుండా చెప్పగలరా అన్నది కూడా పరీక్షే. ఈ ప్రొఫెసర్ రేపు సెక్రటేరియట్‌లో మాట్లాడాల్సిన మనిషి.

ఇవి కాక ముందురోజు మీ అధ్యాపకులకీ స్కాలర్లకీ గంట సెమినార్ ఇప్పించండి. తన సొంత డేటా, తను చేసిన ఒక విశ్లేషణ మొదటి నుంచి చివరిదాకా చెప్పమనండి. విద్యార్థి ప్రశ్నకి ఎలా జవాబిస్తున్నారో వెనక బెంచీలో కూర్చుని చూస్తే కమిటీ గదిలో తెలియనివి తెలుస్తాయి.

అయితే ఇవన్నీ అడగడానికి కమిటీలో తెలిసినవాళ్లు ఉండాలి కదా. రెండోసారి మీ కమిటీ ‘తగినవారు లేరు’ అన్నదంటే, ముగ్గురు ఎక్స్‌పర్టులు ఎవరో ఒకసారి చూసుకోండి. విద్యా తత్వశాస్త్రం, టీచర్ ఎడ్యుకేషన్, పాఠశాల నిర్వహణ, ఇలా ముగ్గురూ పెద్దవాళ్లే అయ్యుండొచ్చు. కానీ ముగ్గురిలో ఒక్కరికీ అభ్యర్థి పేపర్ చదివి తప్పొప్పులు చెప్పే వీలు లేకపోతే ఆ ఇంటర్వ్యూకి అర్థం లేదు. ఎక్స్‌పర్టుల పేర్లు చట్టబద్ధ మండలి ఆమోదించిన ప్యానెల్ నుంచే వీసీ తీసుకోవాలి. కోరంకి (కమిటీ సమావేశం చెల్లడానికి) కనీసం నలుగురు, అందులో ఇద్దరు బయటి ఎక్స్‌పర్టులు ఉండాలి. కాబట్టి ప్రకటనకు ముందే ఒక సైకోమెట్రిక్స్ మనిషినీ, ఒక స్టాటిస్టిక్స్ మనిషినీ ప్యానెల్‌లో ఆమోదం చేయించుకోండి. చాలాచోట్ల ఇది ఇంటర్వ్యూకి వారం ముందు గుర్తొస్తుంది.

తీసుకున్నాక నిలబడాలంటే ఏమివ్వాలో కూడా చెప్తాను, ఎందుకంటే మంచి అభ్యర్థి ఇంటర్వ్యూలో మిమ్మల్ని అదే అడుగుతారు. సాఫ్ట్‌వేర్ పెద్ద ఖర్చు కాదు, ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా దొరికేవాటితో చాలా పని అవుతుంది. కావలసింది మనుషులు, డేటా. తోడుగా కనీసం ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, ఇద్దరు ఫెలోలు. మీ యూనివర్సిటీ సొంత పరీక్షల డేటాను పేర్లు తీసేసి ఇస్తామని కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ రాతపూర్వక హామీ. ఒకచోట ఉత్సాహంగా చేరిన ప్రొఫెసర్‌కి కంట్రోలర్ ఆఫీసు ‘కాన్ఫిడెన్షియల్’ అని ఒక్క సెమిస్టర్ మార్కుల ఫైలు కూడా ఇవ్వలేదు. రెండేళ్లు న్యాక్ (యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే సంస్థ) ఫైళ్లు రాయించుకున్నారు. ఆయన వెళ్లిపోయారు, ఆ పోస్టు ఇప్పటికీ ఖాళీ.

చివరిగా ఆ రిటైర్డ్ ప్రొఫెసర్ గారి సంగతి. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపు ఉన్న అధ్యాపకులు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ప్రొఫెసర్‌కి ఎనిమిది మంది స్కాలర్ల దాకా అవకాశం ఉంది, ఇప్పటికే రిటైరైన ఆయన్ని తీసుకుంటే ఆ ఎనిమిది సీట్లూ మీకు పోయినట్టే. మీరు కట్టాలనుకుంటున్నది పరిశోధన కేంద్రం కాబట్టి ఈ పోస్టు ఆయనకు ఇవ్వకండి. కానీ ఆయనకి నిజంగా ఈ పని తెలిసి ఉంటే, ఎక్స్‌పర్ట్ ప్యానెల్‌లో పేరు పెట్టండి, లేదా ఏడాదిపాటు సలహాదారుగా పిలిచి కొత్త ప్రకటన ఆయన చేతే రాయించండి. రెండూ ఒకేసారి మాత్రం వద్దు. సలహాదారుగా జీతం తీసుకుంటున్న మనిషి ఎక్స్‌పర్ట్‌గా కూర్చుంటే ఎంపిక మీద రిట్ వేయడానికి కారణం మీరే ఇచ్చినట్టవుతుంది.